వేడిని దాచిన పాస్టరు గారు: రాబర్ట్ స్టర్లింగ్

మానవుడు నిప్పును కనిపెట్టి వేల సంవత్సరాలు గడిచాయి. కాని ఆ నిప్పును పూర్తిగా వాడుకోవడం మాత్రం ఇంకా నేర్చుకుంటూనే ఉన్నాడు. లారీ ఇంజను అయినా, కరెంటు తయారుచేసే గ్యాస్ టర్బైన్ అయినా, ఆకాశంలో ఎగిరే విమానం అయినా అన్నిటికీ జబ్బు ఒక్కటే. వేసిన ఇంధనంలో సగం, ఒక్కోసారి సగానికి మించి, పనికి రాకుండా పొగగొట్టం వెంట గాలిలో కలిసిపోతుంది. అలా పోయే వేడిని దారిలో ఆపి మళ్ళీ పనిలో పెడితే ఎంత బాగుండును అన్న ఆలోచన ఈనాటిది కాదు. దానికి రెండు వందల ఏళ్ళు దాటాయి. ఆ ఆలోచనకు యంత్రరూపం ఇచ్చినవాడు ఏ ఇంజనీరింగు కళాశాలలోనూ చదవలేదు. స్కాట్లండ్‌లోని ఒక చిన్న ఊరి చర్చిలో ఆయన పాస్టరు. పేరు రాబర్ట్ స్టర్లింగ్.

మన మెకానికల్ విద్యార్థులకు స్టర్లింగ్ పేరు కొత్తది కాదు. థర్మోడైనమిక్స్ పుస్తకంలో ఆయన పేరు మీద ఒక సైకిల్ ఉంది. నాలుగు గీతల బొమ్మ, కింద ఒక ఫార్ములా, పరీక్షలో ఎనిమిది మార్కులు. అంతటితో సరి. ఆ బొమ్మ వెనుక ఉన్న మనిషి ఎలా బతికాడో, ఏ చోట ఓడిపోయాడో మనకు ఎవరూ చెప్పరు. చెప్పుకోవలసిన కథ అది. ఎందుకంటే ఆయన దేనికోసం జీవితాంతం ఎదురుచూశాడో దాని జాతికి చెందిన వస్తువు ఈనాడు మన ఎల్.బి.నగర్ నుంచి బస్సులో అరగంట దూరంలో తయారవుతోంది.

స్టర్లింగ్ 1790 అక్టోబరు 25వ తేదీన పెర్త్‌షైర్‌లోని మెత్వెన్ గ్రామం దగ్గర, క్లోగ్ అనే పొలంలో జన్మించాడు. ఎనిమిది మంది సంతానంలో మూడవవాడు. వాళ్ళది వ్యవసాయ కుటుంబమే గాని, కొత్త పనిముట్లు చేసి చూసే గుణం ఆ ఇంట్లో ముందునుంచీ ఉంది. తాతగారైన మైకేల్ స్టర్లింగ్ 1758 ప్రాంతంలోనే గిరగిర తిరుగుతూ ధాన్యం నూర్చే యంత్రాన్ని తయారుచేశాడు. మన పల్లెల్లో మొన్నమొన్నటి దాకా పశువులతో బంతి తొక్కించి నూర్పిళ్ళు చేసుకున్న సంగతి తెలిసిందే గదా! అలాంటి తాతకు ఇలాంటి మనవడు పుట్టడంలో ఆశ్చర్యం లేదు.

పదిహేనేళ్ళ ప్రాయంలో, 1805లో, రాబర్ట్ ఎడింబరో విశ్వవిద్యాలయంలో చేరాడు. ప్రాచీన భాషలు, తర్కం, గణితం వంటివి చదివాడు. 1809లో దైవశాస్త్రం చదవడానికి గ్లాస్గోకు వెళ్ళాడు. చదువంతా చర్చి ఉద్యోగం కోసమే. కాని ఆ చదువు సాగినన్నాళ్ళూ ఆయన మనస్సు మరో వైపు కూడా నడుస్తూ ఉండి ఉండాలి. ఎందుకంటే 1816 సెప్టెంబరు 19న కిల్మార్నాక్ పట్టణంలోని లే కిర్క్ అనే చర్చిలో ఆయన పాస్టరుగా నియమితుడయ్యాడు. సరిగ్గా అదే నెలలో ఒక పేటెంటు కోసం దరఖాస్తు పెట్టాడు. అప్పటికి ఆయనకు ఇరవై ఆరేళ్ళు కూడా నిండలేదు.

ఆవిరి బాయిలర్లు పేలి కార్మికులు చనిపోతుంటే చూడలేక, దయగల పాస్టరు ఒక ప్రమాదం లేని ఇంజను కనిపెట్టాడని చాలా పుస్తకాల్లో రాస్తారు. వినడానికి కథ బాగుంది. కాని ఆ పేటెంటు పేరులోనే అసలు సంగతి ఉంది. అందులో మొదట వచ్చేది ఇంధనం ఖర్చు తగ్గించడం. ఇంజను మాట తర్వాతే వస్తుంది. అంటే ఆయన దృష్టిలో ముఖ్యమైన ఆవిష్కరణ వేడిని పొదుపు చేసే భాగం. దానికి ఆయన ఎకానమైజర్ అని పేరు పెట్టాడు. ఈనాడు మనం రీజనరేటర్ అంటున్నాం. గాజు కొలుముల వంటి చోట్ల కూడా అది ఉపయోగపడుతుందని ఆయన అప్పుడే ఊహించాడు.

ఈ ఎకానమైజర్ అంటే ఏమిటో అర్థం కావాలంటే ఫార్ములా అక్కరలేదు. జనవరి నెలలో తెల్లవారుజామున ఎల్.బి.నగర్ చౌరస్తాలో నల్లగొండ బస్సు కోసం నిలబడ్డవాళ్ళను గుర్తు తెచ్చుకోండి. ముక్కు మీదుగా మఫ్లరు చుట్టుకుని ఉంటారు. లోపలినుంచి వచ్చే వెచ్చటి ఊపిరి మఫ్లరు గుండా పోతూ తన వేడిని ఆ ఉన్నికి ఇచ్చి పోతుంది. మళ్ళీ లోపలికి పీల్చే చల్లగాలి అదే ఉన్నిలోంచి వస్తూ ఆ వేడిని తీసుకుని వస్తుంది. ఒంట్లో వేడి ఒంట్లోనే ఉంటుంది. స్టర్లింగ్ చేసినది ఇదే. ఆయన యంత్రంలో ఉన్నికి బదులు పలుచటి లోహపు భాగాలు ఉంటాయి. మూసి ఉన్న పాత్రలో కొంత గాలి ఉంటుంది. పాత్రకు ఒక కొస కింద మంట, రెండో కొస చల్లన. గాలిని అటూ ఇటూ తోలుతూ ఉంటే వేడెక్కినప్పుడు వ్యాకోచించి పిస్టన్‌ను తోస్తుంది, చల్లారినప్పుడు సంకోచిస్తుంది. వేడి కొసనుంచి చల్లటి కొసకు పోయే దారిలో ఈ లోహపు మఫ్లరు ఉంటుందన్నమాట. పోయేటప్పుడు వేడి అక్కడ దాచుకుని, వచ్చేటప్పుడు తీసుకుంటుంది. మంట కొత్తగా ఇవ్వవలసిన వేడి ఆ మేరకు తగ్గిపోతుంది.

ఇందులో మరో విశేషం కూడా ఉంది. వేడి నుంచి పని ఎంతవరకు రాబట్టవచ్చో చెప్పిన సాది కార్నో పుస్తకం ఫ్రాన్సులో వెలువడినది 1824లో. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లలో పిల్లలు వల్లెవేసే కార్నో ఎఫిషియన్సీ సూత్రానికి మూలం అదే. స్టర్లింగ్ పేటెంటు దానికి ఎనిమిదేళ్ళు ముందుది. సిద్ధాంతం పుట్టకముందే యంత్రం పుట్టింది. దారి లేని చోట నడిచినవాడు ఆయన.

కిల్మార్నాక్‌లో ఆయనకు థామస్ మోర్టన్ అనే స్నేహితుడు దొరికాడు. తివాచీల మగ్గాలు, టెలిస్కోపులు తయారుచేసే నేర్పరి ఆయన. పాస్టరు గారికి పని చేసుకోవడానికి తన వర్క్‌షాపులో చోటిచ్చాడు. 1818లో స్టర్లింగ్ ఇంజను ఒకటి అయిర్‌షైర్‌లో ఒక రాతి క్వారీ నుంచి నీళ్ళు తోడటానికి పెట్టారు. కొంతకాలం బాగానే పనిచేసింది. తర్వాత మంట తగిలే భాగం మితిమీరి వేడెక్కి చెడిపోయింది. ఈ మొదటి దెబ్బ ఎక్కడ తగిలిందో గమనించండి. ఆలోచనలో లోపం లేదు. ఇనుమే తట్టుకోలేకపోయింది.

1819లో ఆయన జీన్ రాంకిన్‌ను పెళ్ళి చేసుకున్నాడు. వారికి ఐదుగురు కొడుకులు, ఇద్దరు కూతుళ్ళు. 1824లో గాల్‌స్టన్ అనే ఊరికి పాస్టరుగా మారాడు. బొగ్గు గనులు, చేనేత మగ్గాలు ఉన్న ఊరు అది. మిగతా జీవితమంతా, అంటే అర్ధ శతాబ్దానికి పైగా, అక్కడే గడిపాడు. ఆదివారం ప్రార్థనలు, పెళ్ళిళ్ళు, చావులు, ఊరివాళ్ళ కష్టసుఖాలు ఒక వైపు. కొలిమి, సుత్తి, లోహపు రేకులు మరో వైపు. రెండు పనుల్లో దేనికీ ద్రోహం చేయలేదు. ఆయన విద్వత్తుకు గుర్తింపుగా 1840లో సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇచ్చింది. అది కూడా దైవశాస్త్రంలోనే!

ఇంజనీరింగు పనిలో ఆయనకు కుడిభుజం తమ్ముడు జేమ్స్. అన్న ఆలోచన, తమ్ముడి అనుభవం కలిసి 1827లోనూ, 1840లోనూ మరో రెండు పేటెంట్లు వచ్చాయి. పాత్రలోని గాలిని ముందే ఒత్తిడి పెంచి నింపితే అదే సైజు యంత్రం నుంచి ఎక్కువ బలం వస్తుందన్న ముఖ్యమైన మెరుగు ఈ కాలంలోనే వచ్చింది. జేమ్స్ డండీ పట్టణంలోని ఫౌండ్రీకి మేనేజరు. అక్కడి ఆవిరి యంత్రాన్ని తీసి 1843లో దాన్ని గాలి ఇంజనుగా మార్చారు. ఫౌండ్రీలోని యంత్రాలన్నీ దానితోనే నడిచాయి. బలం దాదాపు 40 హార్స్ పవర్. బొగ్గు ఖర్చు ఆవిరి యంత్రం కంటే బాగా తక్కువ. జేమ్స్ 1845లో లండన్‌లోని సివిల్ ఇంజనీర్ల సంస్థ ముందు దాని వివరాలు చదివి వినిపించాడు. అన్నదమ్ముల పంట పండినట్టే కనిపించింది.

కాని మంటలో నిరంతరం ఎర్రగా కాలే ఆ పోత ఇనుప పాత్ర నాలుగేళ్ళలో మూడుసార్లు చెడిపోయింది. మార్చిన ప్రతిసారీ ఖర్చు, ప్రతిసారీ ఫౌండ్రీ పని బంద్. చివరికి 1847లో యజమానులు విసిగిపోయి మళ్ళీ ఆవిరి యంత్రాన్నే పెట్టుకున్నారు. ఇక్కడొక చిక్కుముడి ఉంది. వేడి కొస ఎంత వేడిగా ఉంటే ఇంజను అంత పొదుపుగా నడుస్తుంది. వేడి ఎంత పెరిగితే లోహం అంత బలహీనపడుతుంది. బరువు మోస్తూ ఎర్రగా కాలిన లోహం పైకి విరగకుండా ఉన్నా లోలోపల మెల్లమెల్లగా సాగిపోతుంది. దానినే మెటలర్జీ విద్యార్థులు క్రీప్ అంటారు. పాస్టరు గారికి ఆ పేరు తెలియదు. దాని దెబ్బ మాత్రం బాగా తెలుసు.

ఈ మధ్యలోనే ఆయన చేసిన నమూనా ఒకటి గ్లాస్గో విశ్వవిద్యాలయంలో ఉండగా, తర్వాత లార్డ్ కెల్విన్ అయిన విలియం థామ్సన్ దాన్ని పరిశీలించి 1847లో గ్లాస్గోలో పండితుల ముందు ప్రసంగించాడు. వేడికీ పనికీ ఉన్న సంబంధం గురించి ఆ యువకుడి ఆలోచనలకు ఆ నమూనా పదును పెట్టింది. మరో వైపు ఇదే సూత్రాన్ని అపార్థం చేసుకున్నవాళ్ళూ ఉన్నారు. జాన్ ఎరిక్సన్ అనే ఇంజనీరు 1853లో అమెరికాలో బ్రహ్మాండమైన సిలిండర్లతో వేడిగాలి ఓడనే నడిపాడు. ఒకసారి ఇచ్చిన వేడినే తిప్పి తిప్పి ఎన్నిసార్లయినా వాడుకోవచ్చని ఆనాడు చాలామంది భ్రమపడ్డారు. అది కుదరదు. పనిగా మారిన వేడి మళ్ళీ రాదు. ఊరికే పారబోసే వేడిని మాత్రమే దాచుకోగలం. ఓడ అనుకున్నంత బలం ఇవ్వలేదు. తర్వాత దానికి ఆవిరి యంత్రం బిగించారు.

డండీ తర్వాత స్టర్లింగ్ పెద్ద ఇంజను మరొకటి నిలబెట్టలేకపోయాడు. కొడుకులు మాత్రం పేరు తెచ్చారు. పెద్దకొడుకు పాట్రిక్ రైల్వే ఇంజనీరై 1870లో ఎనిమిది అడుగుల చక్రం గల ప్రఖ్యాత రైలింజను తయారుచేశాడు. అది ఇప్పటికీ ఇంగ్లండులోని యార్క్ మ్యూజియంలో భద్రంగా ఉంది. జేమ్స్ అనే మరో కొడుకు కూడా రైలింజన్ల నిపుణుడే. 1876లో, ఎనభై అయిదు దాటిన వయస్సులో, పాస్టరు గారు ఒక ఉత్తరం రాశాడు. బెస్సిమర్ పద్ధతిలో తయారయ్యే లోహం మూడు నాలుగు దశాబ్దాల ముందే దొరికి ఉంటే తన గాలి ఇంజను తప్పక నెగ్గేదని దాని సారాంశం. తాను మొదలుపెట్టినదాన్ని మరెవరైనా పూర్తిచేస్తారన్న నమ్మకం ఆయనకు ఉంది. 1878 జూన్ 6న గాల్‌స్టన్‌లోనే కన్నుమూశాడు.

మనిషి పోయినా సూత్రం పోలేదు. ఆయన బతికుండగానే సీమెన్స్ సోదరులు 1856 తర్వాత అదే సూత్రంతో ఉక్కు కొలుములు కట్టారు. పొగ వెళ్ళే దారిలో ఇటుకల గదులు పెట్టి, పొగ వేడిని ఇటుకల్లో దాచి, కాసేపటికి అదే దారిలో లోపలికి గాలిని పంపారు. కొలిమి ఉక్కును కరిగించేంత వేడెక్కింది. ప్రపంచంలో చాలా ఉక్కు దాదాపు వందేళ్ళ పాటు ఆ రకం కొలుముల్లోనే తయారైంది. మంచి లోహం లేక ఓడిపోయిన పాస్టరు ఆలోచనే లోకానికి మంచి లోహాన్ని ఇచ్చిందంటే విధి విలాసం కాక మరేమిటి?

ఇక గ్యాస్ టర్బైన్ల సంగతి. పెద్ద టర్బైన్ నుంచి బయటికి వచ్చే పొగ సుమారు 600 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో ఉంటుంది. దాన్ని అలాగే వదిలేస్తే ఇంధనంలో నూటికి సుమారు 40 పాళ్ళే పని వస్తుంది. ఆ పొగతో బాయిలర్‌లో నీళ్ళు కాచి, ఆ ఆవిరితో మరో టర్బైన్ తిప్పితే 60 పాళ్ళు దాటుతుంది. దీన్నే కంబైన్డ్ సైకిల్ అంటారు. గోదావరి, కృష్ణా జిల్లాల్లో విజ్జేశ్వరం, జేగురుపాడు, కాకినాడ, కొండపల్లి వద్ద వచ్చిన గ్యాస్ విద్యుత్ కేంద్రాలు ఈ పద్ధతివే. 2013 నాటికి కేజీ బేసిన్ గ్యాస్ పడిపోయాక వాటిలో చాలా భాగం ఏళ్ళ తరబడి పనిలేక నిలిచిపోయాయి. గ్యాస్ ఎంత విలువైనదో, వృథా చేయకపోవడం ఎంత అవసరమో మన రాష్ట్రాలకు ఒకరు చెప్పనక్కరలేదు.

మరో దారి అచ్చంగా స్టర్లింగ్ దారే. పొగ వేడితో, మంటలోకి పోయే గాలినే ముందుగా కాచడం. అమెరికన్ల ఏబ్రమ్స్ యుద్ధట్యాంకులోని టర్బైన్‌కు అలాంటి రికూపరేటర్ ఉంది. 1960లలో అలిసన్ కంపెనీ ఒక హెలికాప్టర్ ఇంజనుకు అది బిగించి ఎగరేసి కూడా చూసింది. ఇంధనం తగ్గింది, బరువు పెరిగింది. పెద్ద విమానాల్లో మరో చిక్కు కూడా ఉంది. కంప్రెసర్ గాలిని 8 రెట్లు నొక్కితే అది సుమారు 300 డిగ్రీలకు చేరుతుంది. పొగ అంతకంటే బాగా వేడిగా ఉంటుంది కాబట్టి ఇవ్వడానికి వేడి మిగిలి ఉంటుంది. కాని ఇప్పటి విమానాల ఇంజన్లు గాలిని 40 రెట్లకు మించి నొక్కుతాయి. అప్పటికే ఆ గాలి 600 డిగ్రీలు దాటి ఉంటుంది. పొగ కంటే గాలే వేడి! అక్కడ రికూపరేటర్ పెడితే వేడి వెనక్కి పారుతుంది. అందుకే గాలిని మధ్యలో చల్లార్చి నొక్కడం, పొగలోని వేడితో ఆవిరి చేసి తిరిగి ఇంజనులోకి పంపడం వంటి మార్గాలను యూరప్, అమెరికా ఇంజనీర్లు ఇప్పుడు వెదుకుతున్నారు. ఏ మార్గమైనా చివరికి రెండు ప్రశ్నల దగ్గరే ఆగుతుంది. బరువు ఎంత? ఆ వేడికి ఏ లోహం ఆగుతుంది?

ఆ రెండో ప్రశ్నకు జవాబు వెదికే చోటు మన ఊళ్ళోనే ఉంది. ఎల్.బి.నగర్ నుంచి కర్మన్‌ఘాట్, చంపాపేట మీదుగా చాంద్రాయణగుట్ట పోయే బస్సులో కండక్టరు డీఎంఆర్‌ఎల్ అని కేకేస్తాడు. రోజూ దిగేవాళ్ళలో ఎంతమందికి ఆ అక్షరాలకు అర్థం తెలుసు? డిఫెన్స్ మెటలర్జికల్ రీసెర్చ్ లాబొరేటరీ, 1963లో ఏర్పడింది. పక్కనే మిధాని, అంటే మిశ్రధాతు నిగమ్, 1973లో స్థాపించారు. నికెల్ ఆధారంగా మండే వేడిలో కూడా బలం కోల్పోని సూపర్ అల్లాయ్‌లు అక్కడ తయారవుతాయి. లోహంలోని రేణువుల మధ్య సరిహద్దులే వేడిలో ముందుగా జారిపోతాయి. కాబట్టి టర్బైన్ బ్లేడు మొత్తాన్నీ సరిహద్దులే లేని ఒకే స్ఫటికంగా పోతపోస్తారు. హెలికాప్టర్ ఇంజన్ల కోసం అలాంటి 60 బ్లేడ్లను డీఎంఆర్‌ఎల్ తయారుచేసి హెచ్ఏఎల్‌కు అందజేసినట్లు 2021 ఏప్రిల్‌లో ప్రకటించారు. ఈ విద్య చేతనైన దేశాలు ప్రపంచంలో కొద్ది మాత్రమే.

ఇది గొప్పలు చెప్పుకోవడానికి కాదు. 1989లో మొదలైన మన కావేరి యుద్ధవిమాన ఇంజను అనుకున్న బలాన్ని అందుకోలేక 2008లో తేజస్ విమానం నుంచి విడిపోయింది. తేజస్ అమెరికన్ ఇంజనుతోనే ఎగురుతోంది. డండీ ఫౌండ్రీలో 1847లో జరిగినదానికీ దీనికీ పోలిక ఉంది. వేడి భాగాల లోహాన్ని జయించనిదే ఇంజను మనది కాదు. అలాగని ఓడిన ప్రతి యంత్రమూ తప్పుడు యంత్రం కాదు. స్టర్లింగ్ ఇంజను కొంతకాలం మూలపడి, 1930ల చివర ఫిలిప్స్ కంపెనీ చేతిలో మళ్ళీ లేచింది. 1990ల నుంచి స్వీడన్ జలాంతర్గాముల్లో నీటి అడుగున చప్పుడు లేకుండా తిరుగుతోంది.

మన కళాశాలలో మెకానికల్ వాళ్ళు ఒక బ్లాకులో, మెటలర్జీ, కెమిస్ట్రీ వాళ్ళు వేరే బ్లాకుల్లో కూర్చుంటారు. ఒకరి ల్యాబు గడప మరొకరు తొక్కరు. స్టర్లింగ్ దగ్గర ఇంజను ఉంది, లోహం లేదు. కాంచన్‌బాగ్‌లో లోహం ఉంది, దేశానికి కావలసిన ఇంజను ఇంకా పూర్తి కాలేదు. ఆ రెండింటినీ కలపవలసిన చేతులు ఈనాడు దిల్‌సుఖ్‌నగర్ హాస్టలు గదుల్లో, మన తరగతి బెంచీల మీద ఉన్నాయి. పాస్టరు గారు తన ఉత్తరంలో ఎదురుచూసిన ఆ మరెవరైనా మనలో ఎందుకు ఉండకూడదు?